అప్పు బూచి, అసలు లెక్క

ప్రభుత్వ ఋణం పెరిగితే దేశాభివృద్ధి కుంటుపడుతుందనీ, కనుక ఖాళీల భర్తీ, పింఛను హామీ దేశం మోయలేని భారాలనీ చెప్పే వాదన మనకు కొత్త కాదు. 2004 జనవరి 1 తరువాత చేరిన ఉద్యోగులకు పాత పింఛను దూరమైనది ఇటువంటి వాదనల మధ్యనే. దీనిని మనం భయంతో కాక లెక్కతో ఎదుర్కొనవలసి ఉన్నది.

2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ఒక పత్రం వెలువరించారు. ఋణం జాతీయోత్పత్తిలో 90 శాతం దాటిన సంపన్న దేశాలలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో చూపారు. ఐరోపాలో వేతనాల, ఉద్యోగాల కోతను సమర్థించినవారికి అది ఆయుధమైనది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి హెర్న్‌డన్, తన అధ్యాపకులతో కలిసి ఆ లెక్కను తిరిగి వేశారు. కంప్యూటర్ పట్టికలో ఐదు దేశాలు సగటులోనికి రానేలేదు. ఇతర లోపాలూ బయటపడినవి. సరిచేసిన సగటు 2.2 శాతం! అధిక ఋణమున్న చోట వృద్ధి కొంత తక్కువన్నది నిజమే. అయితే ఋణం వల్ల వృద్ధి తగ్గినదా, వృద్ధి తగ్గినందున ఋణం పెరిగినదా అన్నది ఆ సగటు చెప్పదు.

కనుక అప్పు ఎంత అన్నదొక్కటే ప్రశ్న కాదు. ఎవరి వద్ద, ఏ ద్రవ్యంలో, దేని కొరకు అన్నవి అసలు ప్రశ్నలు. 1849 నుండి బ్రిటిష్ రైలు కంపెనీలకు 5 శాతం రాబడి హామీ ఇచ్చారు. తరుగు పడినదంతా భారత రైతు కట్టిన పన్నుల నుండి లండన్ వాటాదారులకు చేరినది. 2022లో శ్రీలంక చెల్లింపులు నిలిపివేసినది విదేశీ ద్రవ్యంలోని అప్పుల విషయంలోనే.

మన తపాలా కౌంటరులో పేదవాడు దాచుకొనే రూపాయి సంగతి వేరు. 1999లో ఏర్పడిన జాతీయ చిన్న పొదుపుల నిధి ద్వారా అదీ ప్రభుత్వ ఋణమే అవుతున్నది. కాని దాని వడ్డీ ఈ దేశ ప్రజలకే చేరుతున్నది. 1986లో నెలకొల్పిన రైల్వే ఆర్థిక సంస్థ తెచ్చిన అప్పు ఇంజన్లుగా, పెట్టెలుగా మారి సరుకును, మనుషులను చేరవేస్తున్నది. జాతీయాదాయం వడ్డీ రేటు కన్న వేగంగా పెరిగినంత కాలం ఇటువంటి అప్పు భారం తేలికపడడానికి వీలుంటుంది.

హద్దు లేకుండా అప్పు చేయమని మేము కోరడం లేదు. వడ్డీ కట్టేది ప్రజలే. కాని 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుండి 22 శాతానికి తగ్గించి, ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకొంటున్నామని ప్రభుత్వమే ప్రకటించినప్పుడు ఈ ఋణభయం ఏమైనది? గ్యాంగ్‌మన్ ఖాళీ, పోస్ట్‌మన్ ఖాళీ దగ్గరనే అది ఎందుకు గుర్తు వస్తున్నది?

సోదరులారా, ఇకపై అప్పు పేరు చెప్పి మన డిమాండ్లను తోసిపుచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్నలే అడగండి. ప్రతి శాఖా సమావేశంలోనూ వీటిని చర్చించండి.