వరుస లేని పాఠం: జానపద గేయ పరిశోధనలో ఒక లోపం

జానపద బాణీ ముడిసరుకనీ, శాస్త్రీయ సంగీతం దానిని సంస్కరించి కళగా మలుస్తుందనీ ఒక అభిప్రాయం మన పరిశోధనలో పాతుకొనిపోయింది. ఇది నిలవదనడానికి మొజార్ట్ పియానో రచన ఒక్కటి చాలు.

ఫ్రాన్సులో 1761లో సాహిత్యం లేకుండా కేవలం వరుసగా అచ్చయిన బాణీ ఒకటి ఉంది. దాని కర్త ఎవరో తెలియదు. ‘ఆ వూ దిరే-జ్, మామాఁ’ అనే ఫ్రెంచి పాటగా ప్రసిద్ధికెక్కిన ఆ బాణీపై మొజార్ట్ 1781–82 ప్రాంతంలో పన్నెండు రూపభేదాలు కూర్చాడు. అవి 1785లో వియన్నాలో అచ్చయ్యాయి. జేన్ టేలర్ 1806లో ప్రచురించిన కవిత తరువాత అదే బాణీలో ఒదిగింది. మన బడిపిల్లలు పాడే ‘ట్వింకిల్ ట్వింకిల్’ అదే.

మొజార్ట్ చేసిందేమిటి? మొదటి రూపభేదంలో కుడిచేతికిచ్చిన వేగస్వరాలను రెండవదానిలో ఎడమచేతికి మార్చాడు. ఎనిమిదవదానిలో అంతర గాంధారం స్థానాన్ని సాధారణ గాంధారం ఆక్రమించి బాణీకి విషాదచ్ఛాయ కల్పిస్తుంది. పదకొండవది విలంబగతి. పన్నెండవదానిలో రెండు మాత్రల నడక మూడు మాత్రలవుతుంది. ఇన్ని మార్పులలోనూ షడ్జం నుంచి పంచమానికి ఎగసి, మెట్టుమెట్టుగా దిగివచ్చే మూలచట్రం చెదరదు. శ్రోత దానిని గుర్తుపట్టగలిగినంత మేరకే ఆ మార్పులకు అర్థం. కనుక ఇక్కడ బాణీ ముడిసరుకు కాదు. స్వరకర్త స్వేచ్ఛకు అదే ప్రమాణం.

ఆ బాణీ స్వరలిపిలో నిలిచింది. మాటలు వచ్చి చేరాయి, మారాయి. మనం చేసింది సరిగ్గా దీనికి విరుద్ధం. మన గేయ సంకలనాలలో అధికభాగం మాటలను భద్రపరచి వరుసను విడిచిపెట్టాయి. అలా అచ్చయిన పాటను పాడినవారు గతిస్తే, ఆ పాటపై రూపభేదం కూర్చడం మాట అటుంచి, దానిని పాడడమే అసాధ్యం.

సంగీతం తెలుగుశాఖల పని కాదని కొందరు అనవచ్చు. కాని గేయ ఛందస్సు వరుసలోనే పుడుతుంది. పాడేటప్పుడు సాగదీసే అచ్చు, తాళాన్ని నింపే ఊతపదం, విరామం కాగితంపై కనిపించవు. వాటిని వినకుండా మాత్రలు లెక్కించి ‘ఛందోభంగం’ అని తీర్పు చెప్పడం గాయకుల దోషం కాదు, మన పద్ధతి దోషం.

అందువల్ల ఇకపై స్వరలిపి, తాళనిర్దేశం, ధ్వనిముద్రణ జతపరచని జానపద గేయ సేకరణను సిద్ధాంత గ్రంథంగా అంగీకరించరాదు. స్వరలిపి రాయలేని పరిశోధకుడు సంగీతశాఖ తలుపు తట్టాలి. అది చిన్నతనం కాదు. పాటను పాటగా గౌరవించడం.