దారము చాలునా?

చదువవలసిన భాగములు: లూకా 14:28-30, నిర్గమకాండము 26:1-13



ఈ నెల మా సంఘములో జరిగిన ఒక చిన్న సంగతి మీతో పంచుకొంటాము. అందులో తప్పు మాదే గనుక చెప్పడానికి వెనుకాడడము లేదు.

మాది గోదావరి డెల్టాలో లేసు అల్లే ప్రాంతము. 19వ శతాబ్దములో మిషనరీలు నేర్పిన ఈ చేతిపని నరసాపురం చుట్టుప్రక్కల ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగించింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. రెండేళ్ళ క్రితము మా స్త్రీల సమాజము వారు క్రిస్మసుకు ప్రభువు బల్లమీద పరచుటకు లేసు గుడ్డ అల్లాలని తీర్మానించుకొన్నారు. ఒక విధవరాలైన సహోదరి తన కోళ్ళు అమ్మి, 30 దారపు ఉండలు కొని తెచ్చింది.

అప్పుడు ఒక పెద్దమ్మ, “అయ్యగారూ, ఈ దారం చాలుద్దో లేదో ముందు లెక్క చూడొద్దా?” అని అడిగింది. మేము నవ్వి, “దేవుని పనికి లెక్కలెందుకమ్మా, విశ్వాసముంటే చాలును” అన్నాము. ఆమె ఇంకేమీ అనలేదు.

డిసెంబరు మూడో వారములో దారము అయిపోయింది. నాలుగో వంతు పువ్వులు మిగిలిపోయాయి. పరుగున పట్నము వెళ్ళి అదే రకము దారము తెచ్చి అల్లారు. పరచి చూస్తే మూడు వంతులు ఒక తెలుపు, ఒక వంతు మరొక తెలుపు. ఉండ చీటీమీద రకముతోబాటు అద్దకపు విడత నంబరు కూడ ఉంటుందనీ, ఆ నంబరు మారితే రంగు కొంచెము మారవచ్చుననీ మాకు అప్పుడు తెలిసింది. పైగా గుడ్డ ఒకచోట ముడతలు పడింది, మరొకచోట బిగుసుకొంది. ఆ క్రిస్మసుకు పాత గుడ్డే పరచాము. కోళ్ళు అమ్మిన సహోదరి మాట్లాడకుండ ఆ లేసును మడిచి ఇంటికి తీసికొని వెళ్ళింది. ఆ రాత్రి మాకు అన్నము సయించలేదు. బీదరాలి కానుక మా మాటవలన వ్యర్థమైనది.

పండుగ తరువాత మేమే ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాము. “విత్తనాల లెక్క చూడకుండా నారు పోస్తామా అండీ? అప్పుడు విశ్వాసం లేదంటారా?” అన్నది. ఆమె అయిదో తరగతి వరకే చదివినది గాని త్రైరాశికము మరచిపోలేదు. ఆమె చెప్పిన లెక్క మీ ఇంట కూడ పనికివస్తుంది గనుక వివరముగా వ్రాస్తున్నాము.

మొదట కొలత. మా బల్ల పొడవు 60 అంగుళములు, వెడల్పు 32. నాలుగు వైపులా 8 అంగుళములు వ్రేలాడవలెనంటే గుడ్డ 76 అంగుళముల పొడవు, 48 అంగుళముల వెడల్పు ఉండాలి. పువ్వు 4 అంగుళముల చదరమైతే పొడవున 19, వెడల్పున 12. మొత్తము 228 పువ్వులు.

తరువాత మచ్చు. అల్లే 8 మంది సహోదరీలు తలా ఒక పువ్వు అల్లి తెచ్చారు. అందరిదీ ఒకే నమూనా, ఒకే దారము. అయినా ఒకరి పువ్వు సరిగ్గా 4 అంగుళములుంటే మరొకరిది నాలుగుంపావు. పావు అంగుళమే కదా అనుకొంటాము. 19 పువ్వుల వరుసలో అది నాలుగుముప్పావు అంగుళముల తేడా! మొదటి గుడ్డ ముడతలు పడినది ఇందుకే. చెయ్యి వదులుగా ఉన్నవారికి కొంచెము సన్నని కొక్కెపు సూది, బిగువుగా ఉన్నవారికి కొంచెము లావు సూది ఇచ్చి, అందరి పువ్వూ 4 అంగుళములకు వచ్చేవరకు మరల మచ్చు అల్లించింది.

పిమ్మట తూకము. ఒక్క పువ్వు తూచితే సరిగా తెలియదని పది పువ్వులు కలిపి తూచింది. 35 గ్రాములు వచ్చాయి. అంటే పువ్వుకు మూడున్నర గ్రాములు; 228 పువ్వులకు 798 గ్రాములు. గుడ్డ చుట్టు కొలత 248 అంగుళములు. అతుకుపనితో కలిపి పది అంగుళముల అంచుకు 2 గ్రాములు పడితే చుట్టూ సుమారు 50 గ్రాములు. మొత్తము 848. చెడిపోయేవాటికి పదో వంతు, అనగా 85 కలిపితే 933 గ్రాములు. ఉండ 20 గ్రాములు గనుక 47 ఉండలు. మేము మొదట తెచ్చినవి 30! వాటిలో 171 పువ్వులకే దారమున్నది. మేము దానిని విశ్వాసమని పిలిచాము.

చివర కాలము. పువ్వుకు 40 నిమిషములు. 228 పువ్వులకు 152 గంటలు. 8 మంది దినమునకు ఒక గంట కూర్చుంటే 19 దినములు. ఆదివారములు తీసివేసి, అతుకుపనికి ఒక వారము కలిపితే నెల రోజులు. కనుక నవంబరు మొదట్లోనే ఆరంభించాలి.

ఉన్ని స్వెట్టరు అల్లేవారికీ ఇదే పద్ధతి. మచ్చులో 4 అంగుళములకు 22 కుట్లు వస్తే, 36 అంగుళముల చుట్టు కొలతకు 198 కుట్లు వేసుకోవాలి. నాలుగు వ్రేళ్ళంత ముక్క అల్లి చూచుకొంటే స్వెట్టరంతా విప్పే బాధ తప్పుతుంది.

ప్రియులారా, ఈ లెక్క చూచిన తరువాత నిర్గమకాండము 26వ అధ్యాయము మాకు క్రొత్తగా కనబడినది. ఇన్నాళ్ళు ఆ కొలతలను త్వరత్వరగా చదివి దాటిపోయేవారము. దేవుడు మోషేకు గుడారము చేయుమని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. పది తెరలు, ఒక్కొక్కటి 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు. ఇటు 50 కొలుకులు, అటు 50 కొలుకులు, వాటిని కలుపుటకు 50 గుండీలు. మేకవెండ్రుకల తెరలు పదకొండు. మిగిలిన భాగము ఎక్కడ వ్రేలాడవలెనో కూడ చెప్పాడు. లెక్క దేవునికి అన్యమైనది కాదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు చూచుకొనునని మన ప్రభువే సెలవిచ్చాడు.

ఇంకొక మాట. మరియా మీస్ అనే పరిశోధకురాలు నరసాపురం లేసు స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడింది. ఇంటిలో కూర్చుండి చేసే ఈ పనిని పనిగానే ఎంచరని ఆమె చూపించింది. మన ఇండ్లలోనూ “ఊరకే కూర్చుని అల్లుకొంటుంది” అంటాము. పువ్వుకు 5 రూపాయలు ఇస్తారనుకొందాము. పువ్వుకు 40 నిమిషములైతే గంటకు వచ్చేది ఏడున్నర రూపాయలు. ఈ లెక్క ఆ అమ్మాయికి తెలియాలి, ఆమె భర్తకు తెలియాలి, పని ఇచ్చేవారికీ తెలియాలి. దారము తీసికొనేటప్పుడు తూచుకొని, సరుకు అప్పగించేటప్పుడు మరల తూచుకొంటే “దారం తగ్గింది” అనే మాటకు జవాబు ఉంటుంది. న్యాయమైన త్రాసు, న్యాయమైన కొలత కావాలని లేవీయకాండము 19వ అధ్యాయము మనకు బోధిస్తున్నది. లెక్క అడగడము అపనమ్మకము కాదు. అది పనిచేసిన చేతులకు ఇచ్చే గౌరవము.

గత సంవత్సరము 47 ఉండలని గుడి బల్లమీద వ్రాసిపెట్టాము. ఒక్కొక్క కుటుంబము ఒకటి, రెండు ఉండల ధర ఇచ్చారు. ఒకే నంబరు దారము ఒకేసారి కొన్నాము. క్రిస్మసుకు గుడ్డ బల్లమీదికి వచ్చింది. పని అయ్యాక రెండు ఉండలు మిగిలాయి. మొదటి గుడ్డను కూడ పారవేయలేదు. పువ్వులు విప్పి, కొలతలు కలిసినవి ఏరి, రొట్టె పళ్ళెము మీద, పాత్రమీద కప్పుటకు చిన్న గుడ్డలుగా అతికారు. ఆ అతుకుపని చేసినది కోళ్ళు అమ్మిన సహోదరియే. సంస్కారపు ఆదివారమున ఆ గుడ్డ తీసి పాత్ర చేతబట్టునప్పుడెల్ల మేము నవ్విన ఆ దినము గుర్తుకు వస్తుంది.

ఈ నెల మీ ఇంట ఏ పని తలపెట్టినా, అది అల్లిక గాని, పెండ్లి గాని, ఇల్లు గాని, కుటుంబమంతా ప్రార్థన చేసి, తరువాత కాగితము, పెన్సిలు తీసికొని కూర్చుండండి. పిల్లలచేత హెచ్చవేతలు చేయించండి. ఇంటిలోని స్త్రీల పని గంటలు కూడ ఆ కాగితముమీద వ్రాయండి. మన తలవెండ్రుకలు సయితము లెక్కించిన దేవుడు మీ చేతిపనిని దీవించును గాక. ఆమేన్.