కుంగుబాటుకు వైద్యం ఊరి పీహెచ్‌సీలోనే అందాలి

నలభై దాటిన ఆవిడ ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడుతుంది. ఒళ్లంతా గుంజేస్తోందంటుంది. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోందని, అన్నం సయించడం లేదని చెబుతుంది. డాక్టరు బీపీ చూసి బి కాంప్లెక్స్, నొప్పుల మాత్రలు రాస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఓ సెలైన్. నెల తిరక్కుండా మళ్లీ ఆవిడే, అదే వరుసలో. ‘ఈమధ్య ఏ పని మీదా మనసు పోవడం లేదా అమ్మా?’ అని ఆమెను ఎవరూ అడగరు.

ఆ మాట అడగడం, జవాబును బట్టి చికిత్స మొదలుపెట్టడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం విధిగా రెండు తెలుగు ప్రభుత్వాలూ వెంటనే ప్రకటించాలి. మానసిక వైద్యులు చాలినంత మంది లేరన్న మాట నిజమే. కానీ వారు వచ్చేదాకా జనం ఆగాలనడం అన్యాయం. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు. మన లెక్క మనకే తెలియకపోవడం చిన్న లోపం కాదు.

ఏం చేస్తే ఫలితం ఉంటుందో మాత్రం తెలుసు. గోవాలో పది పీహెచ్‌సీల్లో తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్న 495 మందిపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. వైద్య డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరితో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. మూడు నెలలకు, అలా మాటల చికిత్స పొందినవారిలో 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యంతో సరిపెట్టినవారిలో తేరుకున్నది 39 శాతమే. జింబాబ్వే రాజధాని హరారేలో క్లినిక్ ఆవరణలోని బెంచీ మీద పెద్ద వయసు ఆరోగ్య కార్యకర్తలు పక్కన కూర్చుని కష్టం విన్నారు, దారి వెతకడానికి సాయపడ్డారు. ఆరు నెలల తర్వాత వారి దగ్గరికి వెళ్లినవారిలో నూటికి 14 మందిలోనే డిప్రెషన్ లక్షణాలు మిగిలాయి. వెళ్లనివారిలో సగం మందిలో ఉన్నాయి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా. ఉమ్మడి పశ్చిమ గోదావరిలోని గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఐదు వేల మందిని ప్రశ్నించారు. సమస్య ఉన్నట్టు తేలినవారి వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకు చేరాయి. మానసిక జబ్బులపై సిగ్గు, భయం పోగొట్టే ప్రచారమూ ఊళ్లలో సాగింది. అంతకుముందు అలాంటివారిలో నూటికి ఒక్కరు కూడా చికిత్సకు వెళ్లేవారు కాదు. తర్వాత ఆ సంఖ్య 12.6 శాతానికి చేరింది. ఇది చాలదు, అయినా శూన్యం నుంచి అంత దూరం తెచ్చింది మన ఆశాలే.

‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది ఇప్పటికీ తిట్టుగా వినిపిస్తున్న చోట, జనం జిల్లా కేంద్రంలోని మానసిక విభాగం మెట్లెక్కుతారని ఆశించలేం. జ్వరానికి, బీపీకి వెళ్లే గుమ్మంలోకైతే వెళతారు. ఇంకొకటి కూడా గుర్తించాలి. 2022లో దేశంలో బలవన్మరణం పాలైన 1.70 లక్షల మందిలో నాలుగో వంతుకు పైగా దినకూలీలు. పగటిపూట ఓపీకి వస్తే వారికి ఆ రోజు కూలి పోతుంది. వారి కోసం సాయంత్రం ఓపీ తెరవాలి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఆపదలో అది ప్రాణం నిలుపుతుంది. ఆ ఫోను తర్వాత వెళ్లడానికి ఊరికి దగ్గరలో ఒక డాక్టరు, కొన్ని మాత్రలు ఉండాలి కదా.

ఇదంతా ఆశాల నెత్తిన ఉచితంగా రుద్దితే మొదటి నెలలోనే కూలిపోతుంది. గర్భిణుల నమోదు, టీకాలు, సర్వేలతో వారికి ఇప్పటికే ఊపిరి సలపడం లేదు. కాబట్టి వారు గుర్తించి పంపే ప్రతి కేసుకూ వేరుగా పారితోషికం ఇవ్వాలి. మాట్లాడి చికిత్స చేసే పనికి ప్రతి పీహెచ్‌సీలో జీతంతో ఒక కౌన్సెలర్ ఉండాలి. వైద్యాధికారులకు శిక్షణ ఇవ్వాలి, సందేహం వస్తే జిల్లా మానసిక వైద్యుడు ఫోనులో దొరకాలి. ఫ్లూఆక్సెటిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే, ఖరీదైనదీ కాదు. బీపీ మాత్రల్లాగే అదీ నెలనెలా పీహెచ్‌సీకి చేరాలి.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యసేవలు పొందడాన్ని ప్రతి వ్యక్తి హక్కుగా గుర్తించింది. వచ్చే బడ్జెట్లో ఈ పనికి విడిగా పద్దు పెట్టి, ఏ మండలంలో ఎప్పటికి మొదలవుతుందో రెండు ప్రభుత్వాలూ శాసనసభల్లోనే చెప్పాలి.