సేవ పేరిట సాగే స్త్రీల శ్రమ

పల్నాడులో క్రైస్తవ యువజన శిబిరాల గురించో మిషన్ బడుల గురించో మాట మొదలుపెడితే చాలు, చర్చ మతమార్పిడి మీదికి మళ్లిపోతుంది. ఒకరు విదేశీ డబ్బు అంటారు. మరొకరు దేవుని పని అంటారు. ఈ రెండు వాదాల మధ్యా ఒక ప్రశ్న ఎవరికీ పట్టకుండా పోతోంది. ఆ శిబిరాలనూ ఆ బడులనూ రోజువారీగా నడుపుతున్నది ఎవరు? వాళ్ల శ్రమకు విలువెంత, వాళ్లకున్న హక్కులేమిటి? ఈ ప్రశ్న వేయవలసింది స్త్రీల సంఘాలే.

విదేశాల నుంచి సేవకు రావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. 1849లో గురజాలకు మారి పల్నాడులో పని మొదలుపెట్టాడు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది. అమెరికాలోని లూథరన్ స్త్రీలు తాము చందాలు పోగుచేసి నడుపుకున్న మిషనరీ సంఘం తరఫున ఆమెను పంపారు. వైద్యం చదివిన మనిషే అయినా మొదట ఆమెకు అప్పగించింది ఘోషా ఇళ్లలో, ఆడపిల్లల బడుల్లో పని. డాక్టరుగా గుర్తింపు రావడానికి 1885 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె ఆస్పత్రి 1898లో గుంటూరులో తెరుచుకుంది. ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో మాల, మాదిగ వాడల ఆడపిల్లల చేతికి పలక ఇచ్చినవి మిషన్ బడులే. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు, ఆ పిల్లలను గుమ్మం బయట నిలబెట్టిన సమాజానికి లేదు.

అయితే ఈ చరిత్రకు ఇంకో పార్శ్వం ఉంది. భాష రాని విదేశీ స్త్రీలకు దారి చూపింది ఇక్కడి బైబిల్ స్త్రీలు. వాళ్లలో చాలామంది వితంతువులు. ఊరూరా నడిచి, ఇంటింటికీ వెళ్లి, చదువు చెప్పి, రోగులను ఆస్పత్రికి తీసుకొచ్చింది వాళ్లే. మిషన్ నివేదికల్లో విదేశీ స్త్రీలకు పేర్లూ ఫోటోలూ ఉంటాయి. బైబిల్ స్త్రీలు చాలాచోట్ల ఒక అంకెగా మిగిలారు. గుంటూరు ఆస్పత్రి కుగ్లర్ పేరుతో నిలిచింది, నిలవాలి కూడా. ఆమెతో కలిసి నడిచిన వాళ్ల పేర్లు మాత్రం మనకు తెలియవు.

ఈనాటి పరిస్థితి దీనికి భిన్నంగా ఉందా? విదేశీ బృందాలు సాధారణంగా చలికాలంలో వస్తాయి. పది పదిహేను రోజులుండి, పిల్లలతో ఆటలాడి, పాటలు పాడి, ఫోటోలు తీసుకుని వెళ్తాయి. వేసవి సెలవుల్లో, రెంటచింతల ఎండలో, బైబిల్ బడి నడిపేది ఇక్కడి యువతులు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని కూడగట్టడం, పాటలు నేర్పడం, వంట, అంట్లు, రాత్రిళ్లు ఆడపిల్లలకు కాపలా, అన్నీ వాళ్లవే. మాచర్ల, గురజాల వైపు నేను మాట్లాడిన యువతుల్లో డిగ్రీ, బీఎడ్ చేసి డీఎస్సీ కోసం చదువుకుంటున్న వాళ్లున్నారు. విదేశం నుంచి వచ్చే విద్యార్థినికి ఈ సేవ పై చదువుల దరఖాస్తులో ఒక అర్హత. మన అమ్మాయికి అనుభవ పత్రం కూడా ఇవ్వరు. ఆమె అదే పని ఏడాదంతా చేసినా అది ఉద్యోగం కిందికి రాదు.

సేవకు కూలి అడుగుతారా అని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. అదే శిబిరంలో షామియానా వేసినవాడికి డబ్బిస్తారు. మైకు సెట్టు వాడికి, వ్యాను డ్రైవరుకు ఇస్తారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడికి కానుక ఇస్తారు. స్త్రీలు చేసిన పని ఒక్కటే సేవ ఎలా అయింది? ఇంట్లో వంటనూ పిల్లల పెంపకాన్నీ ప్రేమ అని పిలిచి లెక్కలోంచి తీసేసిన పితృస్వామ్యమే ఇక్కడ విశ్వాసం అనే పేరు పెట్టుకుంది. విశ్వాసంతో పనిచేయడం ఆమె ఇష్టం. దాన్ని సాకుగా చేసుకుని జీతం ఎగ్గొట్టడం మాత్రం దోపిడీ.

2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఊళ్లలోని చిన్న సంఘాలకు దీనివల్ల నిజంగానే కష్టం వచ్చింది. కోత మొదట పడింది తమ గౌరవ వేతనం మీదే అని కొందరు స్త్రీలు నాతో చెప్పారు. కానీ బడి టీచర్ల జీతాలు పరిపాలనా ఖర్చు కిందికి రావని ఆ చట్టం నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి జీతం ఇవ్వకపోవడానికి 20 శాతం పరిమితిని కారణంగా చూపడం కుదరదు.

మిరపకోతలకు వలసపోయే తల్లులు పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తోచక ఏదో ఒక హాస్టల్లో వదిలి వెళ్తారు. తల్లిదండ్రులు బతికుండగానే ఆ పిల్లల్ని అనాథలుగా చూపి విరాళాలు అడగడం ఎంత అన్యాయం! 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు ఆస్ట్రేలియా అనాథాశ్రమాల పేరిట జరిగే ఈ వ్యాపారాన్ని కూడా బానిసత్వంగానే గుర్తించింది. మన 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి. కాకపోతే బాధ్యులకు ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే ఆ తల్లుల వలసకాలానికి ప్రభుత్వ వసతిగృహాలు సరిపడా ఉంటే ఈ అవసరమే రాదన్న మాట కూడా మనం గట్టిగా అనాలి.

చాలామంది స్వచ్ఛంద సేవికలకు తెలియని సంగతి మరొకటుంది. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం, జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా పనిచేసే స్త్రీని కూడా ఉద్యోగిగానే లెక్కిస్తుంది. ట్రస్టులు, సొసైటీలు, బడులు ఆ చట్టం పరిధిలోవే. పనిమీద వెళ్లిన చోటు, తీసుకెళ్లిన వాహనం కూడా పనిచోటే. అంటే శిబిరమూ పనిచోటే. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థ అంతర్గత కమిటీ పెట్టాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. మామూలుగా గడువు మూడు నెలలు. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది గనుక ఆ కమిటీ బాధ్యత నరసరావుపేటలోని జిల్లా యంత్రాంగానిది. ఫిర్యాదుదారు విదేశీ యువతి అయినా, ఊరి యువతి అయినా చట్టం ఒకటే. వేధించినవాడు పాస్టరు అయినా, విదేశీ అతిథి అయినా అంతే. బాధితులు పిల్లలయితే విషయం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. సంఘం పరువు పోతుందని లోపలే రాజీ చేయడం నేరం.

మనం కోరవలసింది కష్టమైనదేమీ కాదు. శిబిరంలో పనిచేసే ప్రతి స్త్రీకీ రాతపూర్వకమైన బాధ్యతలు, గౌరవ వేతనం, అనుభవ పత్రం ఇవ్వాలి. బడిలో పాఠం చెబితే టీచరు జీతం ఇవ్వాలి. డబ్బు ఎలా ఖర్చు చేయాలో నిర్ణయించే కమిటీల్లో స్త్రీలకు, ముఖ్యంగా దళిత స్త్రీలకు చోటుండాలి. విదేశాల్లోని సంఘాలు మనుషుల్ని పంపేముందు, ఆ ప్రయాణాలకయ్యే ఖర్చుతో ఇక్కడ ఎంతమంది టీచర్లకు జీతాలివ్వవచ్చో లెక్క వేసుకోవాలి. ఈ మాటలు చర్చికి వ్యతిరేకం కావు. చర్చిలోని స్త్రీల తరఫున అంటున్నవి. వాళ్లు బయటికి వచ్చి అడిగిన రోజున వాళ్ల మతం చూడకుండా పక్కన నిలబడవలసిన బాధ్యత మన సంఘాలది.