పట్టణము పొలముగట్టునకు వచ్చినపుడు

తమ పొలములమీదుగా పట్టణము విస్తరించునని వినిన రైతుసోదరులు సంతోషించుట సహజమే. అయినను ముందుగా లెక్క చూచుకొనవలయునని మా మనవి.

అమరావతి రాజధానికై 2015వ సంవత్సరమున గుంటూరు జిల్లా రైతులు 33,000 ఎకరములకు పైగా సమీకరణమున కిచ్చిరి. మెట్ట ఎకరమునకు నివాసస్థలము 1,000 గజములు, వ్యాపారస్థలము 250 గజములు, పది సంవత్సరముల కౌలు అని ఏర్పాటు. ఎకరమనగా 4,840 గజములు గదా! తిరిగివచ్చు స్థలమునకు గజము వెల సుమారు నాలుగు రెట్లయినగాని రైతునకు పొలము విలువ దక్కదు. ఆ వెల బాటలు, నీరు, మురుగుకాలువలు ఏర్పడిననే కలుగును. కాగితముమీది స్థలమునకు కలుగదు. 2019లో ప్రభుత్వము మారగా పనులు నిలిచినవి. 2024లో మరల ప్రభుత్వము మారిన పిమ్మటగాని సాగలేదు. ఈ నడుమ చేను చేజారెను, ఇల్లు కట్టుకొను స్థలము సిద్ధము కాలేదు.

పట్టణాభివృద్ధికి మేము విరోధులము కాము. కాని పనులు ముగియు తేదిని, ఆలస్యమునకు పరిహారమును, పొలమునే నమ్ముకొన్న కౌలుదారునకును కూలివానికిని జీవనాధారమును ఒడంబడికలో వ్రాయించుకొనవలయును. ఒంటరిగా అడిగినవాని మాటకంటె సంఘముగా అడిగినవారి మాట చెల్లును. ఏరు దిగకముందే తెప్ప గట్టితనము చూచుకొనుట మేలు.