నిర్లక్ష్యం వృద్ధులది కాదు

"మాత్రలు మానేశాడు, అందుకే పక్షవాతం వచ్చింది" అని రోగినే నిందించడం మన వైద్యులకు పరిపాటి. ప్రభుత్వోద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ ఆ మాటే అన్నాను. అది అన్యాయమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పది రోజుల మాత్రలిచ్చి, అయిపోగానే మళ్లీ రమ్మంటాం. డెబ్బై ఏళ్ల వృద్ధురాలు కొడుకు కూలి పోగొట్టుకుని తీసుకొస్తే తప్ప రాలేదు. అధిక రక్తపోటుకు సాధారణంగా బాధ ఉండదు. బాధ లేని జబ్బుకు నెలకు మూడు ప్రయాణాలు ఎవరు చేస్తారు?

"వయసుకు వంద కలిపితే అదే సరైన బీపీ" అనే పాత లెక్క మరో అపచారం. 80 ఏళ్లు దాటినవారిలోనూ చికిత్స మరణాలను, గుండె వైఫల్యాన్ని తగ్గిస్తుందని 2008లోనే హైవెట్ అధ్యయనం తేల్చింది. అయితే పెద్దవారికి మందు మెల్లగా పెంచాలి. నిలబెట్టి కూడా బీపీ చూడాలి. లేకుంటే కళ్లు తిరిగి పడి తుంటి ఎముక విరగవచ్చు.

దీనికి పెద్దాసుపత్రి అక్కరలేదు. చవకైన ఆమ్లోడిపిన్, సరిగా పనిచేసే బీపీ యంత్రం, రానివారి పేర్లు చూపే రిజిస్టరు, వారి ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త చాలు. 2017లో ఆరంభమైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. మార్గం తెలియక కాదు, నడవకనే ఈ దుస్థితి.

ప్రతి ఉపకేంద్రంలోనూ ముప్పై రోజుల మాత్రలు ఒకేసారి ఇవ్వండి. ఆ తర్వాత కూడా మానేస్తే, అప్పుడు నిందించండి.