బొమ్మల సినిమాలు పిల్లలకేనా?



కిందటి సంచికల్లో రక్తపోటు, షుగరు, కాళ్ల వాపుల గురించి రాస్తూ వచ్చాం. ఈసారి మందుల సంగతి కాస్త పక్కన పెట్టి సినిమాల గురించి, అదీ కార్టూన్ సినిమాల గురించి రాయాలనుకున్నాం. "ఆసుపత్రి పత్రికలో సినిమాల గొడవేంటి?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. దానికి కారణం మా పిల్లల వార్డులో ఒక మధ్యాహ్నం మేము చూసిన సంగతి.

మనవడికి సెలైన్ ఎక్కుతోంది. పక్కనే స్టూలు మీద తాతగారు కూర్చున్నారు. టీవీలో 'అప్' అనే బొమ్మల సినిమా నడుస్తోంది. పిల్లవాడు పది నిమిషాలకే నిద్రపోయాడు. తాతగారు మాత్రం రెప్ప వేయకుండా చూస్తూ, మధ్యలో తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. సిస్టర్ పలకరిస్తే "ఏం లేదమ్మా, కంట్లో నలక పడింది" అన్నారు. కాసేపటికి ఆయనే మళ్లీ, "ఆ ముసలాయన ఇల్లు వదలనంటున్నాడు చూశావా, నేనూ అంతే" అన్నారు. ఆయన భార్య పోయి రెండేళ్లయిందని, కొడుకు ఊరికి రమ్మంటే రావడం లేదని ఆ తర్వాత తెలిసింది. ఆ రెండేళ్లలో తన దిగులు గురించి ఎవరితోనైనా మాట్లాడారో లేదో మాకు తెలియదు.

'అప్' 2009లో అమెరికాలోని పిక్సార్ స్టూడియో తీసిన సినిమా. దర్శకుడి పేరు పీట్ డాక్టర్ (పేరు డాక్టరే గాని వైద్యుడు కాదు). కథ కార్ల్ అనే 78 ఏళ్ల పెద్దాయనది. మొదట్లో సుమారు నాలుగు నిమిషాలు మాటలుండవు, సంగీతం ఒక్కటే. ఆ కాస్త సమయంలోనే కార్ల్, ఎల్లీల పెళ్లి మొదలుకొని ఎల్లీ చనిపోయేదాకా ఒక జీవితం మొత్తం చూపిస్తారు. పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరూ గదికి రంగులు వేసుకుంటారు. తర్వాతి దృశ్యంలో వాళ్లు డాక్టరు గదిలో ఉంటారు. ఎల్లీ ముఖం చేతుల్లో దాచుకుని ఉంటుంది. డాక్టరు ఏం చెబుతున్నాడో మనకు వినిపించదు. అయినా అర్థమైపోతుంది. పిల్లలు లేని దంపతులు మన మధ్య ఎన్ని మాటలు పడతారో తెలిసిందే. పెళ్లిళ్లలో, సీమంతాల్లో, ఆఖరికి చర్చి మెట్ల మీద కూడా "ఇంకా విశేషం ఏమీ లేదా?" అని అడిగేవాళ్లు తగులుతూనే ఉంటారు. అలా అడిగేవాళ్లందరినీ కూర్చోబెట్టి ఈ ఒక్క దృశ్యం చూపించాలని మాకు చాలాసార్లు అనిపించింది.

దక్షిణ అమెరికాలో ఒక జలపాతం దగ్గరికి వెళ్లాలని ఆ దంపతుల కోరిక. అందుకోసం ఒక గాజు సీసాలో చిల్లర దాచుకుంటారు. కారు టైరు పాడైతే సీసా పగలగొడతారు. కాలు విరిగితే పగలగొడతారు. ఇంటి మీద చెట్టు పడితే మళ్లీ పగలగొడతారు. మన ఇళ్లలో ఆ సీసా పేరు చీటీ డబ్బు. అమ్మాయి చదువుకని వేసిన చీటీ నాన్న ఆపరేషన్‌కు పాడుకున్నవాళ్లు ఇది చదువుతున్నవారిలోనే ఉండి ఉంటారు. కార్ల్ చివరికి టిక్కెట్లు కొని తెచ్చేసరికి ఎల్లీ మంచాన పడుతుంది. ఆమె పోయాక ఆయన ఎవరితోనూ కలవడు, ఆమె వస్తువొక్కటి కూడా కదపనివ్వడు. వృద్ధాశ్రమానికి పంపబోతే ఇంటికి వేలాది బుడగలు కట్టి ఇంటితో సహా ఎగిరిపోతాడు. పిల్లలు కేరింతలు కొట్టేది అక్కడే. జలపాతం దాపుకు చేరాక ఆ ఇంటిని పైపుతో తన నడుముకు కట్టుకుని, అడవిలో లాక్కుంటూ నడుస్తాడు. మనం చూడవలసింది అది. పోయినవారిని మోస్తూ బతకడమంటే అచ్చం అలాగే ఉంటుంది.

సినిమా చివర్లో ఎల్లీ రాసుకున్న పుస్తకం కార్ల్ తెరుస్తాడు. ఖాళీగా ఉంటాయనుకున్న పేజీల నిండా వాళ్లిద్దరి మామూలు రోజుల ఫొటోలే ఉంటాయి. ఆమెకు ఏ లోటూ లేదని, తను మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలన్నదే ఆమె కోరికని ఆయనకు అప్పుడు తెలుస్తుంది. ఇంట్లోని సామాను తనే ఒక్కొక్కటీ బయట పడేస్తాడు. భార్య పోయిన పెద్దాయనకు "ధైర్యంగా ఉండండి" అని చెప్పి వెళ్లిపోయే మనమంతా ఒకటి గమనించాలి. ఈ కథలో కార్ల్‌కు సలహాలేవీ పనికిరాలేదు. తలుపు తట్టి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు ఆయనకు తోడయ్యాడు, అంతే.

ఇక జపాన్ సినిమా 'మై నైబర్ టొటొరో'. 1988లో హయావో మియజాకీ తీశారు. మాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. చాలామంది దీన్ని బొద్దుగా ఉండే ఒక అడవి జీవి కథగా చూస్తారు. మేము ఆసుపత్రి వాళ్లం కదా, మాకు మొదటినుంచీ ఇది ఆసుపత్రిలో ఉన్న ఒక తల్లి కథగానే కనిపించింది. పదేళ్ల సత్సుకి, నాలుగేళ్ల మే అనే అక్కచెల్లెళ్లు తండ్రితో పల్లెటూరికి వస్తారు. అమ్మ ఉన్న ఆసుపత్రి అక్కడికి దగ్గర. అమ్మ జబ్బు పేరు సినిమాలో చెప్పరు. మియజాకీ చిన్నతనంలో ఆయన తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచాన ఉన్నారు. క్షయ అంటే కొండగాలి, పడక, నెలల తరబడి ఎదురుచూపు అన్న రోజులవి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో ఎవరైనా బంధువు ఉండి వచ్చిన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే ఆ రోజుల సంగతి చెబుతారు.

ఆ తండ్రి ఇద్దరు పిల్లల్నీ ఒకే సైకిల్ మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళతాడు. అమ్మ మంచం మీద కూర్చునే సత్సుకి తల దువ్వుతుంది. ఇంతే దృశ్యం. మన దగ్గర ఏం చేస్తాం? "అమ్మ ఊరెళ్లింది, రేపు వస్తుంది" అంటాం. ఆ రేపు నెల రోజులైనా రాదు. నాలుగేళ్ల పిల్లకు, తను అల్లరి చేసినందుకే అమ్మ వెళ్లిపోయిందేమోనన్న అనుమానం వస్తుంది. చిన్న పిల్లలు తరచు అలాగే ఆలోచిస్తారు. వాళ్లు ఆ మాట బయటికి చెప్పరు, పక్క తడుపుతారు, అన్నం మానేస్తారు. అప్పుడు ఆ పిల్లను కూడా మా దగ్గరికి తీసుకొస్తారు.

సినిమాలో ఒకరోజు ఆసుపత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది గాని, అది వచ్చిందంటే ఇంట్లో ఏడుపులు మొదలయ్యే రోజులు మనలో చాలామందికి గుర్తే. అమ్మకు జలుబు చేసింది, శనివారం ఇంటికి రావడం కుదరదు, అంతే విషయం. అంతవరకు చెల్లెల్ని చూసుకుంటూ, వంట చేస్తూ పెద్దమనిషిలా తిరిగిన సత్సుకి అప్పుడు భోరుమంటుంది. మునుపూ కొద్ది రోజులేనని చెప్పారు, అమ్మ చచ్చిపోతే ఎలా అని పొరుగింటి అవ్వ దగ్గర ఏడుస్తుంది. మన ఇళ్లలో తల్లి ఆసుపత్రిలో ఉంటే పెద్ద కూతుర్ని చూసి "ఎంత బుద్ధిమంతురాలో, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు" అని మెచ్చుకుంటాం. ఇకమీదట అలా మెచ్చుకోవద్దని మా మనవి. ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, అమ్మకు ఏమైందో, డాక్టర్లు ఏం చేస్తున్నారో, వచ్చే వారం ఏం జరుగుతుందో చిన్న మాటల్లో చెప్పండి. తెలియని చోట తెలియదనే చెప్పండి. వార్డులోకి పిల్లల్ని రానివ్వకూడదన్న నియమం చాలా ఆసుపత్రుల్లో ఉంది. అంటురోగాల భయంతో పెట్టిన నియమం అది. కాదనలేం. అయినా ఐదు నిమిషాలు కిటికీ దగ్గర చూపించడానికి, ఫోనులో ముఖం చూపించడానికి దారి ఉంటుంది. డ్యూటీ సిస్టర్‌ను అడగండి.

మూడోది 'ఇన్‌సైడ్ అవుట్', 2015లో వచ్చింది. దర్శకుడు పీట్ డాక్టరే. పదకొండేళ్ల రైలీ మనసులో సంతోషం, విచారం, భయం, కోపం, ఏవగింపు అనే ఐదుగురు మనుషులు ఉంటారు. ఇంటిల్లిపాది ఊరు మారుతుంది. నాన్నకు పని ఒత్తిడిగా ఉంది, నువ్వు నవ్వుతూ ఉంటే ఆయనకు సాయం చేసినట్టు అని తల్లి ప్రేమగానే చెబుతుంది. కథలో చిక్కు అక్కడే మొదలవుతుంది. సంతోషం అనే ఆవిడ సుద్దముక్కతో నేల మీద ఒక గుండ్రం గీసి, విచారాన్ని అందులోంచి బయటికి రావద్దంటుంది. ఆ గుండ్రాన్ని మేము ఐసీయూ బయట రోజూ చూస్తుంటాం. భార్య బయట ఏడ్చి, ముఖం కడుక్కుని, నవ్వుతూ లోపలికి వెళుతుంది. ఆవిడ కోసం ఆయన లోపల నవ్వుతూ ఉంటాడు. ఆవిడ బయటికి రాగానే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇద్దరూ కలిసి ఒక్కసారి ఏడిస్తే పోయేదేమీ లేదని ఎవరు చెప్పాలి? సినిమాలో రైలీ ఇంక నవ్వలేనని అమ్మానాన్నల దగ్గర ఏడ్చిన తర్వాతే వాళ్లు ఆమెను దగ్గరికి తీసుకోగలుగుతారు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. విచారం రెండు వారాలు దాటినా తగ్గక, నిద్ర, ఆకలి పోయి, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, చావు గురించిన మాటలు వస్తే, అది డిప్రెషన్ అయి ఉండవచ్చు. చావు మాట వినిపిస్తే రెండు వారాలు చూడొద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

'ఫైండింగ్ నీమో' (2003) మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక రెక్క చిన్నదిగా పుట్టిన చేపపిల్లను తండ్రి అడుగు తీసి అడుగు వేయనివ్వడు. వంకర పాదాలతో పుట్టి, వైద్యం అయ్యాక నడవగల పిల్లల్ని కూడా ఇంకా చంకనే మోసుకొచ్చే తండ్రులు మాకు కనిపిస్తుంటారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టలేం. ఆ తండ్రి చేప భార్యనూ, మిగతా గుడ్లన్నిటినీ ఒక్క రోజులో పోగొట్టుకున్నవాడు. కాని చివర్లో వల బిగుస్తుంటే, కొడుకును తనే అందులోకి వెళ్లనిస్తాడు. ఆ దృశ్యం చూశాక ఫిజియోథెరపీ గదిలో పిల్లవాడి చెయ్యి వదలడం కాస్త తేలికవుతుందేమో.

'కోకో' (2017) మెక్సికో కథ. చనిపోయినవారి లోకం గురించి అందులో చూపించేది వాళ్ల పండుగ నమ్మకం, మన సంఘాల నమ్మకం వేరు. పిల్లలు అడిగితే అదే చెప్పండి. మేము చూడమనేది ముత్తవ్వ కోకోను. అందరినీ మరిచిపోయి కుర్చీలో కూర్చునే ఆమె, చిన్నప్పుడు నాన్న పాడిన పాట మునిమనవడు పాడగానే పెదవి కదుపుతుంది. ఇది సినిమా కల్పన మాత్రమే కాదు. మతిమరుపు జబ్బు ముదిరినా పాత పాటలు చాలామందిలో మిగిలి ఉంటాయి. కూతురి పేరు చెప్పలేని అమ్మమ్మలు చిన్నప్పటి కీర్తన మొదలుపెడితే చరణాలతో సహా పాడటం మీరూ చూసి ఉంటారు. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టే బదులు పక్కన కూర్చుని పాడండి.

మరి పిల్లలు టీవీకి అతుక్కుపోరా అంటారు. నిజమే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లు నిండనివాళ్లకు అసలే వద్దంది. టొటొరో నిడివి 86 నిమిషాలు కాబట్టి చిన్నవాళ్లకు రెండు రోజులు చేసి చూపించండి. పక్కన మీరూ కూర్చోండి, ఫోను పక్కన పెట్టి.

ఆఖరుగా ఒక హెచ్చరిక. టొటొరో విడుదలైన రోజే, దానికి జంటగా అదే స్టూడియో నుంచి ఇసావో తకహాతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' కూడా వచ్చింది. 1945లో కోబే నగరం మీద బాంబులు పడ్డాక తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ. నాలుగేళ్ల చెల్లి తిండి లేక రోజురోజుకూ చిక్కిపోవడం అందులో ఉన్నదున్నట్టు చూపించారు. బొమ్మల సినిమాయే కదా అని చిన్నపిల్లల ముందు పెట్టకండి. మేము మా వార్డులో పెట్టం. పెద్దవాళ్లు చూడాలి. కాని ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవారు ఇప్పుడే చూడవద్దు, ఇంకొన్నాళ్లు ఆగండి.